పీల్చే స్టెరాయిడ్లు: దుష్ప్రభావాలు

ఉబ్బసాన్ని అదుపులో ఉంచేందుకు రోజూ వాడే ఇన్‌హేలర్లలో ప్రధానమైన మందు కార్టికోస్టెరాయిడ్. బెక్లోమెథసోన్, బుడెసొనైడ్, ఫ్లూటికసోన్, మొమెటసోన్, సిక్లెసొనైడ్ ఈ కోవకు చెందినవి. ఇవి విడిగానూ దొరుకుతాయి, శ్వాసనాళాలను వదులు చేసే ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ లాంటి మందులతో కలిపీ దొరుకుతాయి. బుడెకార్ట్, ఫోరాకార్ట్, సెరోఫ్లో అనే పేర్లు ఆయాసం ఉన్నవాళ్ల ఇళ్లలో బాగా పరిచయమైనవే. వీటికి దుష్ప్రభావాలు ఉన్న మాట నిజం. గొంతు బొంగురుపోవడం మొదలుకొని అడ్రినల్ గ్రంథి మందగించడం దాకా ఆ జాబితా చిన్నదేమీ కాదు. కానీ ఏ ఇబ్బంది ఎంత మోతాదులో వస్తుందో, వచ్చాక తగ్గుతుందో లేదో తెలియకుండా జాబితా ఒక్కటే చదివితే మిగిలేది భయం. ఆ భయంతో మందు మానేసినవారికి జరిగే కీడు, మందు చేసే కీడు కన్నా చాలాసార్లు పెద్దది.

కండలు పెంచుకోవడానికి కొందరు వాడే స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. మన అడ్రినల్ గ్రంథులు నిత్యం తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోనుకు ఇవి దగ్గరి చుట్టాలు.

స్టెరాయిడ్ అనే మాటకు చెడ్డపేరు ఎక్కడ వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన రోగులకు కార్టిసోన్ ఇచ్చినప్పుడు, నడవలేనివారు లేచి నడిచారు. 1950లో హెంచ్‌కు, ఎడ్వర్డ్ కెండల్‌కు, టాడ్యూస్ రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బసానికీ ఈ మందులు అద్భుతంగా పనిచేశాయి. అయితే నెలల తరబడి మాత్రలు మింగినవారి ముఖాలు గుండ్రంగా ఉబ్బాయి, ఎముకలు గుల్లబారాయి, బీపీ, షుగర్ పెరిగాయి, పిల్లల ఎదుగుదల కుంటుపడింది. మందును ఒళ్లంతా తిరగనివ్వకుండా ఊపిరితిత్తులకే పంపలేమా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. 1956లో రైకర్ సంస్థ తెచ్చిన మెడిహేలర్‌తో ఒత్తిడితో మందు చిమ్మే సాధనం దొరికింది. దానికి తగిన స్టెరాయిడ్ దొరకడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది. ఇంగ్లండ్‌లోని డార్బీలో హ్యారీ మారో బ్రౌన్ అనే వైద్యుడు గ్లాక్సో తయారుచేసిన బెక్లోమెథసోన్‌ను ఉబ్బస రోగులకు పీల్పించి, మాత్రల మీదే బతుకుతున్న చాలామంది ఆ మాత్రలు మానగలిగారని 1972లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మాత్రల దుష్ప్రభావాల నుంచి రోగులను తప్పించడానికే ఇన్‌హేలర్ స్టెరాయిడ్ పుట్టిందన్న సంగతిని ఇవాళ దాన్ని చూసి భయపడేవారు ఎవరూ గుర్తు చేసుకోరు.

పీల్చిన మందంతా ఊపిరితిత్తులకు చేరదు. సుమారు ఒకటి నుంచి అయిదు మైక్రాన్ల మధ్య ఉన్న కణాలే సన్నని శ్వాసనాళాల దాకా వెళ్లగలవు. అంతకన్నా పెద్దవి నోట్లో, గొంతు వెనుక గోడకు అంటుకుంటాయి. సాధారణ పంపు ఇన్‌హేలర్‌ను నేరుగా నోట్లో పెట్టుకుని కొడితే సగానికి పైగా మందు అలా గొంతులోనే ఆగిపోయి, ఉమ్మితో కలిసి కడుపులోకి దిగుతుంది. మింగిన ఆ భాగాన్ని కాలేయం చాలావరకు నిర్వీర్యం చేస్తుంది. కాలేయాన్ని దాటి రక్తంలో కలిసేది బుడెసొనైడ్‌లో పదోవంతుకు అటూఇటూగా, ఫ్లూటికసోన్‌లో నూటికి ఒక వంతు కన్నా తక్కువ. ఊపిరితిత్తుల్లోకి చేరిన భాగం మాత్రం పని ముగించాక నేరుగా రక్తంలోకి వెళ్తుంది. అందువల్ల దుష్ప్రభావాలు రెండు చోట్ల పుడతాయి: నోట్లో, గొంతులో ఆగిన మందు వల్ల వచ్చేవి మొదటి రకం, రక్తంలో కలిసిన మందు వల్ల వచ్చేవి రెండో రకం.

మొదటి రకం ఎక్కువమందిని ఇబ్బంది పెడుతుంది, ప్రమాదం మాత్రం తక్కువ. నాలుక మీద, బుగ్గల లోపల, అంగిలి మీద తెల్లటి పూత కట్టి, కారం తగిలితే మండుతుంది. క్యాండిడా అనే శిలీంధ్రం ఎప్పుడూ నోట్లో ఉండేదే. స్టెరాయిడ్ అక్కడి రక్షణను తగ్గించగానే అది విజృంభిస్తుంది. షుగర్ ఉన్నవారిలో, కట్టుడు పళ్లు పెట్టుకునేవారిలో, తరచూ యాంటీబయాటిక్స్ వాడేవారిలో ఇంకా సులువుగా వస్తుంది. డాక్టర్ రాసే క్లోట్రిమజోల్ లేదా నిస్టాటిన్ మందు నోట్లో పూస్తే మామూలుగా తగ్గిపోతుంది. దీనికి భయపడి ఇన్‌హేలర్ ఆపాల్సిన పని లేదు.

గొంతు బొంగురుపోవడం ఇంకో బాధ. స్వరతంతువుల మీద, వాటిని కదిలించే కండరాల మీద మందు పడడం వల్ల ఇది వస్తుంది. రోజంతా పాఠం చెప్పే ఉపాధ్యాయులకు, పాటగాళ్లకు, హరికథ చెప్పేవారికి ఇది చిన్న విషయం కాదు, జీవనాధారానికి సంబంధించినది. మోతాదు తగ్గించినా, పరికరం మార్చినా చాలామందికి గొంతు మళ్లీ తేటపడుతుంది. డాక్టర్‌తో ఈ మాట సిగ్గుపడకుండా చెప్పాలి. సిక్లెసొనైడ్ లాంటి మందుకు మారే వీలుంటుంది: అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లాకే క్రియాశీలమవుతుంది కాబట్టి, గొంతు మీద దాని ప్రభావం తక్కువ.

ఈ బాధల్లో చాలావాటికి అడ్డుకట్ట మంచినీళ్లే. మందు పీల్చిన వెంటనే నోరు పుక్కిలించి, గొంతు గరగరలాడించి ఆ నీళ్లు ఉమ్మేయాలి, మింగకూడదు. రాత్రి పళ్లు తోముకునే ముందు మందు పీల్చడం అలవాటు చేసుకుంటే ఇది మరిచిపోవడం జరగదు. మాస్కుతో నెబ్యులైజర్ పెట్టిన చంటిపిల్లలకు ముఖం కూడా కడగాలి. పంపు ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే పెద్ద కణాలు ఆ గొట్టంలోనే ఆగిపోతాయి, సన్నవి లోపలికి వెళ్తాయి. గొంతులో పడే మందు తగ్గుతుంది, ఊపిరితిత్తులకు చేరేది పెరుగుతుంది. స్పేసర్ కొనలేనివారి సంగతేమిటన్న ప్రశ్నకు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హెదర్ జార్ బృందం జవాబు వెతికింది. 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాకు రంధ్రం చేసి ఇన్‌హేలర్ బిగించి పిల్లలకు ఇస్తే, ఆయాసాన్ని తగ్గించే మందు విషయంలో అది దుకాణంలో అమ్మే స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో లాన్సెట్‌లో ప్రచురించారు. మన దగ్గర ఎక్కువగా వాడే రోటాహేలర్ లాంటి పొడి మందు పరికరాలకు స్పేసర్ అమరదు. వాటికి పుక్కిలింతే రక్ష.

తల్లిదండ్రులు మొదట అడిగేది పిల్లల ఎత్తు గురించి. దీనికి గట్టి సమాధానమే ఉంది. అమెరికాలో క్యాంప్ అనే పరిశోధనలో 5 నుంచి 12 ఏళ్ల మధ్య ఉన్న 1,041 మంది పిల్లలను తీసుకుని, కొందరికి రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్, కొందరికి స్టెరాయిడ్ కాని నెడోక్రోమిల్, మిగిలినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చి నాలుగు నుంచి ఆరేళ్ల పాటు గమనించారు. స్టెరాయిడ్ వాడిన పిల్లల ఎత్తు ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కన్నా సగటున 1.1 సెంటీమీటర్లు తక్కువగా తేలింది. ఆ తేడా దాదాపుగా మొదటి ఏడాదిలోనే వచ్చింది, ఆ తర్వాత ఏటేటా పెరుగుతూ పోలేదు. అదే పిల్లలు పెద్దవాళ్లయ్యాక కొలిచి 2012లో ప్రకటించిన లెక్కలో తేడా 1.2 సెంటీమీటర్లు. పోయిన ఆ కాస్త ఎత్తు తిరిగి రాలేదన్నమాట, ఆ నిజాన్ని దాచకూడదు. అయితే డెన్మార్క్‌లో ఆగర్టాఫ్ట్, పీడర్సన్ అనే పరిశోధకులు ఏళ్ల తరబడి బుడెసొనైడ్ వాడిన పిల్లలను గమనించి, వారు తల్లిదండ్రుల ఎత్తును బట్టి ఆశించిన ఎత్తుకు చేరారని 2000లో చూపారు. క్యాంప్‌లో ఇచ్చిన 400 మైక్రోగ్రాములు ఇప్పటి లెక్కల్లో ఆ వయసు పిల్లలకు మధ్యస్థ మోతాదు. చాలామంది పిల్లలకు 100 నుంచి 200 మైక్రోగ్రాములే సరిపోతాయి. అదుపు లేని ఉబ్బసం కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుందన్న సంగతినీ ఇదే లెక్కలో వేసుకోవాలి. ప్రతి సందర్శనలో బిడ్డ ఎత్తు కొలిచి కార్డులో రాయమని అడగడం తల్లిదండ్రుల హక్కు.

నిజంగా జాగ్రత్తపడాల్సిన దుష్ప్రభావం అడ్రినల్ గ్రంథి మందగించడం. బయటి నుంచి స్టెరాయిడ్ ఎక్కువగా అందుతుంటే, మెదడు అడ్రినల్స్‌కు ఇచ్చే ఆదేశాలు తగ్గిస్తుంది. గ్రంథి పని చేయడం మరిచిపోతుంది. అలాంటి సమయంలో మందు హఠాత్తుగా ఆగినా, పెద్ద జ్వరం, ఆపరేషన్ లాంటి ఒత్తిడి వచ్చినా శరీరానికి అవసరమైన కార్టిసాల్ దొరకదు. బ్రిటన్‌లో వైద్యులను ప్రశ్నించి సేకరించిన ఇలాంటి 33 ఘటనలు 2002లో ప్రచురితమయ్యాయి. వారిలో 28 మంది పిల్లలు. ఎక్కువమందిలో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయింది, కొందరు స్పృహ తప్పారు, ఒక బిడ్డ ప్రాణం పోయింది. వారందరూ రోజుకు 500 నుంచి 2,000 మైక్రోగ్రాముల దాకా స్టెరాయిడ్ పీలుస్తున్నవారే, అందులోనూ అత్యధికులు వాడింది ఫ్లూటికసోన్. తక్కువ మోతాదు వాడే బిడ్డకు ఇలా జరగడం చాలా అరుదు. ఎక్కువ మోతాదు వాడుతున్న వ్యక్తికి కారణం లేని నీరసం, బరువు తగ్గడం, పదేపదే వాంతులు ఉంటే మాత్రం ఉదయం పూట కార్టిసాల్ పరీక్ష చేయించాలి.

కొన్ని మందులు ఈ ముప్పును పెంచుతాయి. హెచ్‌ఐవీకి వాడే రిటోనవిర్, కోబిసిస్టాట్, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ కాలేయంలో స్టెరాయిడ్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తాయి. అప్పుడు మామూలు మోతాదు ఫ్లూటికసోన్, బుడెసొనైడ్ కూడా మాత్రలు మింగినట్టే ఒళ్లంతా పనిచేస్తుంది. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లేవారు ఇన్‌హేలర్ సంగతి అక్కడ చెప్పి తీరాలి. ఇన్‌హేలర్‌ను మందుగా లెక్కవేయక చెప్పడం మరిచిపోయేవారే ఎక్కువ.

కళ్లు, ఎముకలు, షుగర్ విషయంలో ముప్పు మోతాదుతో, ఏళ్లతో పాటు పెరుగుతుంది. సిడ్నీకి పడమర ఉన్న బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో జరిగిన కంటి అధ్యయనం, జీవితకాలంలో మొత్తం 2 గ్రాములకు మించి బెక్లోమెథసోన్ పీల్చినవారిలో ఒక రకం కంటిశుక్లం బాగా ఎక్కువని 1997లో తేల్చింది. ఎక్కువ మోతాదు దీర్ఘకాలం వాడే వృద్ధుల్లో గ్లాకోమా ముప్పు కూడా కొంత పెరుగుతుంది. చర్మం పలచబడి, చిన్న దెబ్బకే కమిలిపోవడం వారిలో కనిపిస్తుంది. షుగర్ సంగతి తెలుగువారికి మరీ ముఖ్యం. కెనడాలోని క్యూబెక్‌లో సామీ సుయిసా బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో పీల్చే స్టెరాయిడ్ వాడినవారిలో కొత్తగా షుగర్ వచ్చే అవకాశం 34 శాతం ఎక్కువగా ఉంది. రోజుకు 1,000 మైక్రోగ్రాముల ఫ్లూటికసోన్‌కు సమానంగా వాడినవారిలో అది 64 శాతం. కుటుంబంలో షుగర్ ఉన్నవారు ఎక్కువ మోతాదులో ఉంటే ఏటా పరీక్ష చేయించుకోవడం మంచిది.

అదే సుయిసా 2000లో కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్ర రికార్డులతో ఇంకో లెక్క చూపారు. ఏడాదిలో వాడిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ డబ్బాలు ఒక్కొక్కటి పెరిగిన కొద్దీ, ఉబ్బసంతో మరణించే అవకాశం 21 శాతం చొప్పున తగ్గింది. వాడకం ఆపేసిన తర్వాతి మూడు నెలల్లో మరణాలు ఎక్కువగా కనిపించాయి. మందు హానిని కొలిచిన పరిశోధకుడే దాని మేలునూ కొలిచారు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

భారతదేశంలో ఈ రెండో లెక్క బరువు ఎక్కువ. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో సుమారు 13 శాతం ఇక్కడ ఉంటే, ఉబ్బసం మరణాల్లో దాదాపు 42 శాతం ఇక్కడివేనని ప్రపంచ వ్యాధి భారం అంచనాలు చెబుతున్నాయి. “ఇన్‌హేలర్ అలవాటైతే ఇక వదలదు” అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. నిజానికి పీల్చే స్టెరాయిడ్‌కు మత్తుమందుకు ఉండే వ్యసన గుణం లేదు. మందు ఆపితే తిరిగి వచ్చేది వ్యాధి. ఈ అపోహతో ఇన్‌హేలర్‌కు దూరంగా ఉండేవారు ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా సూది వేయించుకుంటారు, మందుల షాపులో బెట్నెసాల్ మాత్రలు కొంటారు, పేరు లేని పొడి పొట్లాలు తెచ్చుకుంటారు. డెక్సా, బెట్నెసాల్ రెండూ స్టెరాయిడ్లే; అలాంటి కొన్ని పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిసి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాముల్లో ఉండే మందును కాదని, మిల్లీగ్రాముల్లో ఒళ్లంతా పాకే మందును కోరి తెచ్చుకోవడమే ఇది. దాడి వచ్చినప్పుడు ఇచ్చే అయిదు రోజుల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రల కోర్సు రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున 200 మిల్లీగ్రాములు. జీవితకాలంలో ఇలా ఒంట్లోకి వెళ్లిన స్టెరాయిడ్ మొత్తం అర గ్రాము నుంచి ఒక గ్రాము దాటినప్పటి నుంచే షుగర్, ఎముకల సమస్యలు పెరుగుతున్నాయని బ్రిటన్ రోగుల రికార్డులపై 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అంటే అలాంటి నాలుగైదు కోర్సులే చాలు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ కోర్సు తప్పదు, దాని అవసరమే రాకుండా చూసేది రోజువారీ ఇన్‌హేలర్.

మృగశిర కార్తె ప్రవేశించే రోజున ఉబ్బసం నయమవుతుందన్న నమ్మకంతో, బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఏటా వేలాది మంది వస్తారు. వారి నమ్మకాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పక తప్పదు: ప్రసాదం తీసుకున్నామని ఆ రోజు నుంచి ఇన్‌హేలర్ ఆపేయడం ప్రమాదం.

గర్భిణులు మందు మానేయడం ఇంకో పెద్ద పొరపాటు. అదుపు తప్పిన ఉబ్బసం తల్లికీ బిడ్డకూ ఆక్సిజన్ తగ్గిస్తుంది. బుడెసొనైడ్‌కు గర్భంలో భద్రతపై స్వీడన్ జనన రికార్డుల నుంచి భరోసా ఇచ్చే సమాచారం ఉంది.

దుష్ప్రభావాలను తగ్గించే అసలు మార్గం మోతాదును కనిష్ఠంగా ఉంచడం. పెద్దల్లో బుడెసొనైడ్ రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు తక్కువ మోతాదు, 800 దాటితే ఎక్కువ. ఫ్లూటికసోన్ ప్రొపియొనేట్‌కు 250 దాకా తక్కువ, 500 దాటితే ఎక్కువ. పీల్చే మందు వల్ల కలిగే ప్రయోజనంలో అధిక భాగం తక్కువ మోతాదులోనే దక్కుతుంది. ఆయాసం తగ్గకపోతే మోతాదు పెంచేముందు రోగి మందును సరిగ్గా పీలుస్తున్నాడో లేదో డాక్టర్ తన కళ్ల ముందు చేయించి చూడాలి. ఉబ్బసం మూడు నెలల పాటు పూర్తిగా అదుపులో ఉంటే, మోతాదును 25 నుంచి 50 శాతం తగ్గించి మళ్లీ మూడు నెలలు గమనించాలని ఉబ్బసం చికిత్సపై అంతర్జాతీయంగా పాటించే గినా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ తగ్గింపు గురించి డాక్టర్ ఎత్తకపోతే రోగే అడగాలి. జలుబుల కాలంలో, ప్రయాణాల ముందు, గర్భం దాల్చినప్పుడు తగ్గింపు మొదలుపెట్టకూడదు. తగ్గించిన వారాల్లో రాత్రి దగ్గు, పిల్లికూతలు తిరిగి వస్తే వెనకటి మోతాదుకు వెళ్లిపోవాలి.