మరుగుదొడ్డి చరిత్ర: గోడకు బిగించిన పీట, నేలలోనికి దిగిన గొట్టము



నేటి ప్రసంగ విషయమును వినినంతనే కొందరు ముఖము చిట్లింపవచ్చును. మరుగుదొడ్డిని గూర్చి పదిమందిలో మాటలాడుట మర్యాద కాదని మన పూర్వులు తలంచిరి. ఆ పేరే యీ సంకోచమును దెలుపుచున్నది. మరుగు అనగా చాటు. దొడ్డి అనగా ఇంటి వెనుకటి ఆవరణము. అయితే ఒక పనిని చాటున చేయుట వేరు, దానిని గూర్చి తెలియకుండుట వేరు. కాలువనీటితో ఊరచెరువు నింపుకొని, ఆ నీటినే త్రాగుచు వచ్చిన గోదావరి మండలపు వారికి ఈ తెలియమి యెన్నడును క్షేమకరము కాలేదు.

ఇటీవల రాజమహేంద్రవరము, భీమవరము, అమలాపురము మున్నగు పట్టణములలోనే కాక, పల్లెలలో క్రొత్తగా కట్టుచున్న డాబాలలో గూడ గోడకు వ్రేలాడు పింగాణి పీటలు కానవచ్చుచున్నవి. వానికి కాళ్లు లేవు. అవి నేలకు తగులవు. క్రింద చీపురు సుఖముగా తిరుగును. చూచిన పెద్దలు "ఇది బరువునకు ఊడి పడదా?" అని యడుగుదురు. మంచి ప్రశ్నయే. దానికి సమాధానము ముందు చెప్పెదను. కాని అంతకన్న ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు: "దీని గొట్టము ఎచ్చటికి పోవుచున్నది?" మరుగుదొడ్డి చరిత్రయంతయు ఈ రెండవ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

ఇప్పటికి సుమారు 4500 సంవత్సరములకు పూర్వము సింధునదీ తీరమున మొహెంజొదారో నగరమును కట్టినవారు ఈ ప్రశ్నను ఎరుగుదురు. వారి ఇండ్ల స్నానపు గదులనుండి మురుగునీరు వెలుపలికి పోవుటకు కాల్చిన మట్టి గొట్టములను గోడలలో అమర్చిరి. వీధులలో ఇటుక కాలువలు కట్టి, వానిపై మూతలు వేసిరి. మడ్డి నిలిచి పేరుకొనుటకు అచ్చటచ్చట గుంతలు ఏర్పరచిరి. మన తెలుగునాట శాతవాహనుల కాలమున వర్ధిల్లిన పెద్దబంకూరులో త్రవ్వకములు జరుపగా, కాల్చిన మట్టి వరలను ఒకదానిపై నొకటి పేర్చిన బావులు బయల్పడినవి. ఆ కుమ్మరి చేసిన వరకును, నేడు మనము మరుగుదొడ్డి గుంతలో దించు సిమెంటు వరకును పేరొక్కటే, పోలిక యొక్కటే. విద్య మనకు క్రొత్తది కాదు, నడుమ మరచితిమి.

పాశ్చాత్యుల కథ వినుడు. 1775వ సంవత్సరమున లండను నగరమున అలెగ్జాండరు కమ్మింగు అను గడియారముల పనివాడు ఒక చిన్న యుపాయమునకు హక్కుపత్రము పొందెను. మలము పోవు గొట్టమును తిన్నగా విడువక, కొంగమెడవలె వంచెను. ఆ వంపులో కొంత నీరు ఎల్లప్పుడు నిలిచియుండును. వెనుకనున్న దుర్వాయువు ఆ నీటిని దాటి ఇంటిలోనికి రాజాలదు. ఎన్ని పింగాణులు మారినను, ఎన్ని తొట్లు మారినను, ఆ జానెడు వంపే నేటికిని మరుగుదొడ్డికి ప్రాణము. దానినే మన మేస్త్రీలు ట్రాపు అనుచున్నారు. మూడేండ్లకు, అనగా 1778లో, జోసఫు బ్రామా అనువాడు ఆ యేర్పాటును మరింత బాగుచేసెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ గొట్టము ఎచ్చటికి పోయెను? మొదట ఇండ్ల క్రింది గోతులలోనికి. అవి నిండిన పిమ్మట వీధికాలువల ద్వారా థేమ్సు నదిలోనికి. ఆ నదినీటినే నగరవాసులు త్రాగిరి. ఇంటిలో వాసన తగ్గినది. ఊరిలో వాంతిభేది పెరిగినది. 1854లో లండనులోని బ్రాడు వీధిలో కొలది దినములలో వందలకొలది జనులు మరణించినప్పుడు, జాన్ స్నో అను వైద్యుడు మృతుల ఇండ్లను పటముపై గుర్తించి, వారిలో పెక్కుమంది ఒకే చేతిపంపు నీరు త్రాగినవారని చూపెను. తరువాత త్రవ్విచూడగా, ఆ బావికి మూడడుగుల యెడములోనే ఒక ఇంటి మలకూపపు గోడ ఇటుకలు సడలి, దానిలోని మురుగు బావిలోనికి ఊరుచుండెనని తేలినది. కొన్ని ఇటుకల అతుకులు వదలినందున ఒక పేట శ్మశానమయ్యెను. 1858 వేసవిలో థేమ్సు దుర్గంధము పార్లమెంటు సభ్యులకే భరింపరానిది కాగా, జోసఫు బాజల్‌జెట్టు అను ఇంజనీరుచే నగరమునకు క్రింద పెద్ద మురుగు సొరంగములు కట్టించిరి.

వాంతిభేది గాలివలన వచ్చునను భ్రమ అప్పటికిని పూర్తిగా పోలేదు. 1884లో జర్మనుడగు రాబర్టు కాక్ కలకత్తాకు వచ్చి, ఒక చెరువునీటిలో ఆ వ్యాధి క్రిమిని కనుగొనెను. ఆ చెరువులోనే జనులు స్నానము చేసిరి, బట్టలుతికిరి, ఆ నీటినే త్రాగిరి. ఈ మాట మన చెరువుగట్లపై కూర్చుండి వినదగినది.

ఇక మన సీమకు వచ్చెదము. 1833 నాటి డొక్కల కరువు, 1839 నాటి కోరంగి తుపాను ఈ తీరమును కృశింపజేసిన పిదప, ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని ఆరంభించి 1852లో ముగించెను. కాలువలు వచ్చినవి; వరి పండినది; ఊరచెరువులు నిండినవి. అయితే డెల్టా రైతు మరియొక పాఠమును కూడ నేర్చుకొనవలసి వచ్చెను. నీరు తెచ్చినంత మాత్రమున చాలదు. వాడిన నీరు పోవుటకు త్రోవ యుండవలెను. లేనిచో చేను చౌడుబారును. యనమదుర్రు, కౌశిక, తుల్యభాగ వంటి మురుగు కాలువల విలువ మనకు ఎవరును బోధింపనక్కరలేదు. పొలమున మనము గ్రహించిన ఈ ధర్మమును ఇంటిలో గ్రహింపలేదు. కుళాయి తెచ్చుకొంటిమి, తొట్టి కట్టుకొంటిమి. మురుగు సంగతి పొరుగువారికి విడిచితిమి.

పట్టణములలో ఇంకొక యన్యాయము జరిగెను. 1865 నాటి చట్టము ననుసరించి మద్రాసు రాష్ట్రమున పురపాలక సంఘములు ఏర్పడినవి. వీధులు ఊడ్పించిరి, దీపములు పెట్టించిరి. ఇండ్లలో మాత్రము నీరులేని పొడి దొడ్లు నిలిచిపోయినవి. వానికి వంపు గొట్టము లేదు, కాలువ లేదు. ప్రతి యుదయమున ఒక మనుష్యుడో, ఒక స్త్రీయో వచ్చి, చేతితో ఎత్తి, తట్టలో పెట్టి, తలపై మోసికొని పోవలెను. గోదావరి తీర పట్టణములలో ఈ పారిశుద్ధ్యపు పని పెక్కు తావుల రెల్లి కులస్థులపై పడెను. గొట్టము ఉండవలసిన చోట మనము మనిషిని నిలిపితిమి; నిలిపి, వానినే అంటరానివాడంటిమి.

ఈ దురాచారమును శిక్షార్హము చేయుచు 1993లో ఒక చట్టమును, దానికన్న బలమైనది 2013లో మరియొకటియు వెలువడినవి. కోలారు బంగారు గనుల పట్టణమున తెలుగు కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సన్, ఆంధ్రదేశమున చిరకాలము అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ మున్నగువారు సఫాయి కర్మచారి ఆందోళనమును నడపి పొడి దొడ్లను పడగొట్టించిరి. విల్సన్‌కు 2016లో మెగసెసే బహుమానము లభించెను. మలకూపములలోనికిని, మురుగు సొరంగములలోనికిని మనుష్యులను దింపుట నేటికిని పూర్తిగా ఆగలేదు. అట్లు మరణించినవారి కుటుంబమునకు 30 లక్షల రూపాయలు ఈయవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. డబ్బు పోయిన ప్రాణమును తేజాలదు. కనుక సెప్టిక్ ట్యాంకు మూత తెరచి కూలివానిని లోనికి దిగుమనుట ఏ పెద్దకును తగదు. అందలి విషవాయువు కంటికి కానరాదు. దిగిన క్షణమున మనిషిని కూల్చును.

ఇప్పుడు గోడపీట కథ. పింగాణి పీటను ఒకే ముద్దగా పోతపోసి చేయుట 1880 ప్రాంతమున ఇంగ్లండులో టామస్ ట్వైఫర్డు మున్నగువారిచే వ్యాపించెను. నీటితొట్టిని గోడలో దాచు పద్ధతిని స్విట్జర్లాండు దేశపు గెబెరిట్ సంస్థ 1964లో ప్రవేశపెట్టెను. ఆ దాచిన తొట్టికి తోడు ఇనుప చట్రము వచ్చుటతో పీట నేలను విడిచి గోడనెక్కెను.

ఊడి పడదా యంటిరి. రహస్యము ఇది: బరువును గోడ మోయదు, చట్రము మోయును. నాలుగున్నర అంగుళముల ఇటుక అడ్డగోడకు పీటను నేరుగా బిగించినచో ప్రమాదమే. చట్రపు పాదములు శ్లాబునకు గట్టిగా బిగింపబడవలెను. చట్రమునుండి 12 మిల్లీమీటర్ల మరమేకులు రెండు గోడ వెలుపలికి వచ్చును; వాని మధ్య దూరము 180 గాని 230 గాని మిల్లీమీటర్లు. పీటకొన్నది దానికి సరిపడునో లేదో ముందే కొలువవలెను. మనిషి కూర్చున్నపుడు పీట పై భాగము మరమేకులను ముందుకు లాగును, క్రింది భాగము గోడను వెనుకకు నొక్కును. కనుక పలకకును పింగాణికిని నడుమ మెత్తని పొర యుంచి, నట్టును సమముగా బిగింపవలెను; మితిమీరి బిగించిన పింగాణి పగులును. సరిగా అమర్చిన పీట 400 కిలోల బరువును ఒక గంట మోయవలెనని ఐరోపా వారు పరీక్ష యేర్పరచిరి.

బిగింపు తప్పినచో పీట కదలును. మనకు వెంటనే తెలియును. గొట్టపు అతుకు తప్పినచో ఏండ్లకు గాని తెలియదు. పీట వెనుకనుండి వచ్చు 90 లేక 110 మిల్లీమీటర్ల గొట్టము గోడలో మాయమగును. అందువలన పలకలు అంటింపక మునుపే గొట్టమునిండ నీరు పోసి, మట్టము తగ్గునేమో చూడవలెను. వంపు పీటలోనే యున్నది గాన, గొట్టమున మరియొక ట్రాపు పెట్టరాదు. 40 అడుగులకు ఒక అడుగు మొదలు 60 అడుగులకు ఒక అడుగు వరకు వాలు ఉండవలెను. గాలి గొట్టమును డాబాపైకి లేపవలెను. లేనిచో నీరు దూకునపుడు వంపులోని నీటిని గూడ పీల్చుకొని పోవును, పిదప దుర్వాయువునకు అడ్డులేదు. డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగును. ఇల్లు ఒకవైపు, వెలుపలి నేల మరియొకవైపు కదలినపుడు సిమెంటు పూసిన అతుకు పగులును. రబ్బరు రింగు వేసిన అతుకు కొంత కదలికను ఓర్చుకొనును.

తుదకు ఆ గొట్టము చేరుచోటు. సెప్టిక్ ట్యాంకు అను పేరును 1895లో ఇంగ్లండులోని ఎక్సెటరు నగరమున డోనాల్డు కామెరాను వాడుకలోనికి తెచ్చెను. అందుండి బయటికి వచ్చు నీరు శుద్ధమైనదను భ్రమ మనలో పలువురకు కలదు. అది శుద్ధము కాదు. వ్యాధి క్రిములు అందుండును. దానిని ఇంకుడు గుంతలోనికి పంపవలెను గాని, వీధికాలువలోనికిని పంటకాలువలోనికిని విడువరాదు. పై ఊరివారు విడిచినది క్రింది ఊరి చెరువులో చేరును. కాలువ యొక్కటే, అందరమును ఒకరికి క్రిందివారమే.

సామాన్య గృహస్థునకు 1950వ దశకమున మద్రాసు చెంత పూనమల్లి మున్నగు చోట్ల పరీక్షింపబడిన గ్రామపు పీటయే చాలును. నిట్రవాలు గల ఆ పీటవంపులో 20 మిల్లీమీటర్ల నీరే నిలుచును. రెండు లీటర్ల నీటితో శుభ్రమగును. దానికి వరలు దించిన గుంతలు రెండు. ఒకటి నిండినపుడు రెండవదానికి మార్చి, మొదటిదానిని రెండేండ్లు కదపకున్న, అందలిది మట్టియగును. ఎవరి చేతికిని అవమానము లేదు. కాని కోనసీమవంటి చోట్ల కొలది అడుగులలోనే నీరు తగులును. గుంత అడుగు నీటిలో మునుగునట్లయినచో, అడుగును మూసి, చుట్టును అరమీటరు మందమున సన్నని ఇసుక నింపి, బావికి 10 మీటర్లకు తక్కువ కాని దూరమున నుంచవలెను. వీలైనచో గుంతను నేలమట్టమునకు పైకి లేపి కట్టుట మేలు.

పెద్దలారా, మీ ఊర ఎవరైన క్రొత్త ఇల్లు కట్టి, గోడపీటను చూపి మురియునపుడు మెచ్చుకొనుడు. మెచ్చుకొని, మూడు ప్రశ్నలడుగుడు: బరువును చట్రము మోయుచున్నదా, గోడ మోయుచున్నదా? అతుకులను మూయకముందు నీరు పోసి చూచితిరా? గొట్టము ఎచ్చట ముగియుచున్నది? మూడవదానికి "కాలువలో" అని సమాధానము వచ్చినచో, ఆ యిల్లు ఇంకను పూర్తికాలేదని నిస్సంకోచముగా చెప్పుడు. మీరు చెప్పిన మాట వారు విందురు.