తకెతోమి దీవిలో దున్నపోతు బండి

జపానులో దున్నపోతు బండి ఎక్కుతామని ఆ దంపతులు కలలో కూడా అనుకోలేదు. ఆయనది అంబాజీపేట దగ్గర పల్లె, ఆవిడది పాలకొల్లు. కాపురం టోక్యోలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయిలో. సెలవులకని దేశానికి దక్షిణపు కొసన ఉన్న ఇషిగకి దీవికి వచ్చారు. మర్నాడు పొద్దున్నే తిరుగు విమానం. మిగిలిన ఆ ఒక్క రోజూ ఎదురుగా ఉన్న తకెతోమి దీవిలో గడుపుదామని లాంచీ ఎక్కితే, పావుగంటకల్లా రేవులో దింపేశాడు.

ఊళ్లోకి నడిచి వెళ్లేసరికి ఎదురుగా దున్నపోతు. నల్లటి ఒళ్లు, వెనక్కి తిరిగిన కొమ్ములు, కొమ్ము మొదట్లో ఎర్ర మందారపువ్వు. మెడ మీద కాడి, వెనక బెంచీలు వేసిన గూడుబండి. తోలే పెద్దాయన చేతిలో చర్నాకోల లేదు, మూడు తీగల సన్షిన్ వాద్యం ఉంది. ఆయన వాయిస్తూ పాడుతుంటే దున్న తనంతట తనే నడిచింది. సందు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక చక్రం గోడకి రాసుకోకుండా ముందు ఎడంగా వెళ్లి అప్పుడు తిరిగింది.

"ఏవండీ, దీనికి దారి ఎవరు నేర్పారండీ?" అంది ఆవిడ. చిన్నప్పుడు దున్నల బండి తోలినవాడు కాబట్టి ఆయనకి అంత ఆశ్చర్యం లేదు. ఆయన సందేహం వేరు. టోక్యోలో ఇన్నేళ్లుగా ఒక్క గేదెని చూడలేదు, మరి ఇక్కడికి ఇవి ఎలా వచ్చాయి?

తైవాన్ నుంచి వచ్చాయి. 1930లలో తైవాన్ రైతులు కొందరు ఇషిగకికి వలస వచ్చి అనాస తోటలు వేశారు, దున్నడానికి గేదెల్ని వెంట తెచ్చుకున్నారు. అప్పట్లో తైవాన్ జపాను పాలనలో ఉండేది. ఇక్కణ్నించి తైపే 300 కిలోమీటర్లు కూడా లేదు, టోక్యో మాత్రం దాదాపు 2,000 కిలోమీటర్లు. పటంలో ఈ దూరాలు చూస్తేనే ఇది మనం అనుకునే జపాను కాదేమోనని అనుమానం వస్తుంది. ఆ అనుమానం నిజం. 1879 దాకా ఈ దీవులు ర్యూక్యూ అనే వేరే రాజ్యం. రాజధాని ఒకినావా పెద్ద దీవిలోని షురి కోట. చైనా, సియాం, మలక్కాలతో ఓడ వ్యాపారం చేసి బతికిన రాజ్యం అది. కోరంగి రేవు మంచి రోజులు తెలిసిన గోదావరి వాళ్లకి అలాంటి బతుకు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

1609లో జపాను దక్షిణాన ఉన్న సత్సుమా ప్రభువులు సుమారు 3,000 మంది సమురాయిలను పంపి ఆ రాజ్యాన్ని లొంగదీసుకున్నారు. రాజు షోనేని పట్టుకుపోయి రెండేళ్ల తర్వాత వదిలారు. రాజ్యాన్ని మాత్రం రద్దు చెయ్యలేదు, ఎందుకంటే చైనా వ్యాపారం దాని పేరుమీదే జరగాలి. చైనా రాయబారులు వచ్చినప్పుడు సత్సుమా ఉద్యోగులు ఊరవతలికి వెళ్లి దాక్కునేవారు. రెండు వందల డెబ్భై ఏళ్లు అలా ఒక దొరకి తెలిసి, ఇంకో దొరకి తెలియనట్టు ఇద్దరికీ కప్పం కడుతూ వచ్చింది ఆ చిన్న రాజ్యం.

ఆ భారం అంచెలంచెలుగా కిందికి దిగి, చివరికి ఈ దీవుల రైతు నెత్తిన పడింది. మియాకో దీవుల్లోనూ, ఇషిగకి, తకెతోమి ఉన్న యాఎయామా దీవుల్లోనూ 1637 నుంచి తలపన్ను పెట్టారు. పంట పండినా పండకపోయినా పదిహేనేళ్ల నుంచి యాభై ఏళ్ల దాకా మగవాడు ధాన్యం కొలవాలి, ఆడది బట్ట నేసి ఇవ్వాలి. తకెతోమి అంతా పగడపు రాయి, వరి పండే నేల కాదు. దాంతో ఇక్కడివాళ్లు పడవలు వేసుకుని ఇరియొమొతే దీవికి వెళ్లి, మలేరియా అడవుల పక్కన పొలాలు చేసి, ఆ ధాన్యం తెచ్చి కట్టేవారు. ఇంకా అవతల యోనగుని దీవిలో రాతి నేలలో లోతైన చీలిక ఒకటి ఉంది. తలలు పెరిగితే పన్ను పెరుగుతుందని, కడుపుతో ఉన్న ఆడవాళ్లచేత దాన్ని దూకించేవారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. బండిలో ఈ కథ విన్నాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

బండాయన పాడిన పాట అసదోయా యుంతా. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ఊళ్లోనే పుట్టిన కుయమా అనే అందగత్తె మీద కట్టిన పాట అది. పన్ను వసూళ్లకి వచ్చిన చిన్న ఉద్యోగి ఒకడు తనను ఉంచుకుంటానంటే కుయమా పొమ్మంది. అధికారం ముందు నోరెత్తలేని రోజుల్లో ఒక ఆడపిల్ల కాదన్నందుకు, ఆ కాదనడాన్నే పాట చేసుకుని ఇవాళ్టికీ పాడుకుంటున్నారు. ఆ పన్ను పోవడానికి 1903 దాకా పట్టింది. 1893లో మియాకో రైతులు టోక్యో దాకా వెళ్లి పార్లమెంటుకి మొరపెట్టుకున్నారు. వాళ్లకి దన్నుగా నిలబడ్డవాళ్లు ఇద్దరూ పరాయి ఊళ్లవాళ్లే. ఒకరు ముత్యాల పెంపకానికి వచ్చిన నకామురా జిస్సకు, ఇంకొకరు చెరకు సాగు నేర్పడానికి వచ్చిన గుసుకుమా సేఅన్.

మధ్యాహ్నం ఇద్దరూ పడమటి రేవుకి నడిచారు. దారంతా తెల్లటి పగడపు ఇసుక, ఇరుపక్కలా పగడపు రాళ్లు పేర్చిన గోడలు, గోడల వెనక ఎర్ర పెంకుటిళ్లు. ఆ వీధుల్ని రోజూ పొద్దున్నే ఊరివాళ్లే ఊడుస్తారు. ఇంత ఒద్దికగా ఉన్న ఊరు దానంతటది మిగల్లేదు. 1971లో వాన లేక పంట ఎండిపోయింది, ఆ వెంటనే పెద్ద తుపాను వచ్చి పడింది. అప్పుల్లో ఉన్న రైతుల దగ్గర భూములు కొనడానికి జపాను నుంచి కంపెనీలు దిగాయి. 1996 నవంబరు తుపానుకి కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాక కోనసీమ రైతు పడ్డ అవస్థ కళ్లారా చూసినవాడు కనుక, ఆయనకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. తకెతోమి వాళ్లు మాత్రం ఒక మాట మీద నిలబడ్డారు. 1986లో ఊరంతా కలిసి కట్టుబాటు రాసుకుంది: దీవిని అమ్మం, పాడుచెయ్యం, గాడి తప్పనివ్వం. మరుసటి ఏడాది ప్రభుత్వం ఊరిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. మూడు నాలుగు వందలమంది ఉన్న ఊరు చేసిన పని ఇది. మన లంక గ్రామాల వాళ్లు ఎవరైనా వచ్చి చూసిపోవాలని ఆయన కోరిక.

రేవు మెట్ల మీద కూర్చున్నప్పుడు మాట యుద్ధం మీదికి మళ్లింది. ఆయన చిన్నతనంలో ఇంట్లో జపాను పేరెత్తితే నాయనమ్మ రెండు సంగతులు చెప్పేది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి, జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. రెండోది రంగం, అంటే రంగూన్, సంగతి. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి రంగూన్ వెళ్లి రేవులో బస్తాలు మోసినవాళ్లు, మిల్లుల్లో పనిచేసినవాళ్లు వేలకి వేలు. 1942 మార్చిలో జపాను సైన్యం రంగూన్ పట్టుకోవడంతో లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటుకుంటూ కాలినడకన ఇండియాకి బయల్దేరారు. దారిలోనే పోయినవాళ్లకి లెక్క లేదు. వాళ్ల వీధిలోనే రంగం వెళ్లి తిరిగిరాని మనిషి ఇల్లు ఒకటుండేది. అలాంటి ఇంట్లో పెరిగినవాడు జపానులో స్థిరపడి, ఆ దేశం మర్యాదకీ పనితనానికీ మనసారా నమస్కారం పెట్టేవాడయ్యాడు. ఈ రెండూ ఆయన లోపల పక్కపక్కనే ఉన్నాయి.

అదే సైన్యం తన సొంత ప్రజలని ఏం చేసిందో ఈ దీవులకి వస్తేగానీ ఆయనకి తెలియలేదు. 1945 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకినావా పెద్ద దీవిలో సాగిన పోరులో అక్కడి జనం నలుగురిలో ఒకరు పోయారంటారు. యాఎయామా దీవుల్లో అమెరికా సైన్యం దిగనే లేదు. అయినా వేలమంది చచ్చిపోయారు. జనాన్ని ఇళ్లలోంచి లేపి మలేరియా ఉన్న అడవి ప్రాంతాలకి వెళ్లమని జపాను సైన్యం హుకుం వేసింది. హతెరుమా దీవివాళ్లని ఇరియొమొతేకి తరలించి, వాళ్ల పశువుల్ని కోసేశారు. జ్వరాలతో ఆ దీవి జనంలో దాదాపు మూడోవంతు పోయారు. యాఎయామా మొత్తం మీద 3,600 మందికి పైగా. హతెరుమా బడి హెడ్మాస్టరు షికినా ఆ తీరాన ఒక బండరాయి మీద మరిచిపోవద్దని అక్షరాలు చెక్కి వచ్చారు. ఒకప్పుడు తకెతోమి రైతులు ధాన్యం కోసం పడవేసుకుని వెళ్లిన దీవికే, అదే జ్వరానికి భయపడుతూ, ఈసారి తుపాకీ భయంతో వెళ్లారు హతెరుమా రైతులు. నాయనమ్మ బతికుంటే ఈ సంగతి చెప్పాలని ఆయనకి గట్టిగా అనిపించింది.

సాయంత్రానికి ఇషిగకి తిరిగొచ్చారు. రేవుకి దగ్గరలోని నాలుగురోడ్ల కూడలిలో 730 అని అంకెలు చెక్కిన రాయి ఉంది. వచ్చిన రోజు నుంచీ ఆవిడ దాన్ని కిలోమీటరు రాయి అనుకుంటోంది. యుద్ధం తర్వాత ఇరవై ఏడేళ్లు ఇక్కడ అమెరికా పాలన. 1958 నుంచి డాలర్లే చెల్లేవి, జపాను వెళ్లాలన్నా అనుమతి పత్రాలు కావాలి, బళ్లు కుడిపక్కన నడిచేవి. 1972 మే 15న మళ్లీ జపాను పాలన వచ్చింది. రోడ్లు మారడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. 1978 జులై 30న, అంటే ఏడో నెల ముప్పయ్యో తేదీన, తెల్లవారి ఆరింటికి ఒకినావా దీవులన్నిటా బళ్లు ఎడమపక్కకి మారాయి. దానికి గుర్తు ఆ రాయి. ఒకే మనిషి కదలకుండా ఇంట్లో కూర్చుని రెండుసార్లు దేశం మారిన కథ ఈ దీవుల్లో ముసలివాళ్లందరిదీ.

చివరిగా బజారు. ఇక్కడ కొనదగ్గది నల్లబెల్లం. వాళ్లు కొకుతో అంటారు. 1623లో గిమా షింజో అనే అధికారి చైనాకి మనుషుల్ని పంపి చెరకు రసం కాచే విద్య నేర్పించాడు. త్వరలోనే బెల్లం రాజ్యం గుత్తసొత్తయి, సత్సుమా అప్పులు తీర్చడానికి ఓడలెక్కింది. పండించినవాడికి మిగిలింది తక్కువ. ఇప్పుడు ఒకినావాలో ఎనిమిది చిన్న దీవులు కొకుతో చేస్తున్నాయి, కొట్లో ఏ దీవిది ఆ పొట్లంలో పెట్టి అమ్ముతున్నారు. రసం తియ్యడం, సున్నం వెయ్యడం, మడ్డి తీస్తూ కాచడం, పాకం ముదిరాక కలిపి ఆరబెట్టడం అంతా మన గానుగ దగ్గర పద్ధతే. గానుగ దగ్గర వేడి బెల్లం కొబ్బరాకు మీద వేయించుకుని తిన్న రోజులు ఆయనకి గుర్తొచ్చాయి. ఆత్రేయపురం పూతరేకుల్లో ఈ బెల్లం పొడి ఎలా ఉంటుందో, జున్నులో ఎలా ఉంటుందో, సంక్రాంతి పొంగలిలో ఎలా ఉంటుందో చెప్పుకుంటూ పోయి, కొట్టు మూసే వేళ కూడా మరిచారు.

ఆవిడ హతెరుమా పొట్లం ఒకటీ, కొహమా పొట్లం ఒకటీ తీసి, ఫోనులో అత్తగారికి చూపించింది.

"అరిసెలకి పనికొస్తుందంటారా అత్తయ్యగారూ?"

"ఇంత నల్లగా ఉందేమిటే అమ్మాయ్? సున్నం ఎక్కువేశారేమో, పాకం నిలవదు. ఆవిణ్ని అడుగు."

కొట్టావిడకి విషయం వివరించేసరికి కొంచెం సేపు పట్టింది. ఆవిడ రెండు పొట్లాలూ విప్పి, తలా ఒక ముక్క చేతిలో పెట్టి, ఏ దీవి మట్టికి ఆ రంగు వస్తుందనీ, తను మాత్రం పులుసుల్లోకి కొహమాదే వాడతాననీ చెప్పింది. అత్తగారు ఫోనులోంచే రెండూ తెమ్మన్నారు.