మందు ఇంటికి వచ్చింది, మరి ఇల్లు ఎవరిది?

క్షయ సోకిన వ్యక్తికి నేటి వైద్యుడు మూడు మాటలు చెబుతాడు. మందులు క్రమం తప్పకుండా వాడండి, బలమైన ఆహారం తీసుకోండి, గాలీ వెలుతురూ ఉన్న గదిలో ఉండండి. మొదటిదాన్ని ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. రెండవదాని కోసం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తున్నది. మూడవదాన్ని మాత్రం రోగే వెతుక్కోవాలి. చాపాడు మండలం నుండి పని కోసమో వైద్యం కోసమో ప్రొద్దుటూరు చేరిన కూలి మనిషికి దొరికే బాడుగ గది ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఒక తలుపు, ఉంటే ఒక కిటికీ, అదీ పక్కింటి గోడకు ఎదురుగా. ఆ గదైనా నిలవాలంటే దగ్గు బయటికి వినిపించకూడదు.

రోగికి గది ఎక్కడ అన్న ప్రశ్నకు వైద్యం ఒకప్పుడు సమాధానం ఇచ్చింది. ఆ సమాధానం పేరు శానటోరియం. క్షయకు మందు లేని కాలంలో విశ్రాంతి, పొడి గాలి, ఎండ, మంచి తిండి, వీటి మీదనే ఆశ. 1850ల్లో జర్మన్ వైద్యుడు బ్రేమర్ ఆరంభించిన ఈ పద్ధతి మన దేశానికి 1906లో అజ్మీరు దగ్గరి తిలోనియాకు వచ్చింది. తెలుగు నేలపై దానికి పెద్ద చిరునామా మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం. 1911 వరకు మదనపల్లె మన కడప జిల్లాలోనిదే, ఆ ఏడాది చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. మరుసటి సంవత్సరమే అక్కడ కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి యూనియన్ మిషన్ క్షయ శానటోరియానికి శ్రీకారం చుట్టాయి. డెన్మార్కు దేశపు వైద్యుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని తీర్చిదిద్దాడు. 1948లో దేశంలో బి.సి.జి. టీకా తొలి ప్రయత్నం జరిగింది కూడా మదనపల్లెలోనే.

శానటోరియం అంటే ఆసుపత్రి మాత్రమే కాదు. అది నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి రోగికి ఇల్లు. పొడవైన వరండాలు, ఎడంగా వేసిన మంచాలు, వేళకు భోజనం. అయితే ఆ మంచాలు చాలా తక్కువ, రోగులు లక్షల్లో. మంచం దొరికిన ఇంటిపెద్ద అన్ని నెలలు కూలి మానుకుంటే వెనుక సంసారం ఎట్లా గడుస్తుంది? కొందరు దొరికిన మంచాన్నే వదులుకుని తిరిగివచ్చారంటే అందుకే.

స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో, ఐసోనియాజిడ్ 1952లో వచ్చాక లెక్క మారింది. మందు ఉన్నప్పుడు మంచం అవసరమా? ఈ ప్రశ్నను తేల్చడానికి 1956లో మద్రాసు చేత్‌పట్‌లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి చేయి కలిపాయి. డాక్టర్ వాలస్ ఫాక్స్ దానికి సారథి. మద్రాసు పేదల వాడల నుండి వచ్చిన 193 మంది రోగులను చీట్లు తీసినట్లుగా రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు శానటోరియం, మరొక జట్టుకు వారి ఇల్లు. మందులు ఇద్దరికీ ఒకటే, ఐసోనియాజిడ్, పి.ఎ.ఎస్.

1959లో వెలువడిన ఫలితం ప్రపంచ క్షయ వైద్యాన్నే మలుపు తిప్పింది. శానటోరియం వారికి తిండి మెరుగు, విశ్రాంతి ఎక్కువ. అయినా ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో మందు మింగినవారు దాదాపు వారితో సమానంగా కోలుకున్నారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల ఇంటిల్లిపాదికీ అదనపు ముప్పు కలగలేదు. కుటుంబాలను కొన్నేళ్ల పాటు పరిశీలించి తేల్చిన మాట ఇది. వ్యాధి అంటేది ఎక్కువగా రోగం బయటపడక ముందు, మందు మొదలు కాక ముందు. ఈ పునాది మీదనే 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం నిలిచింది. శానటోరియంల అవసరం క్రమంగా తీరిపోయింది.

ఇది మన వైద్యశాస్త్రం గర్వపడవలసిన ఘట్టం, సందేహం లేదు. అయితే అందులో ఎవరూ గమనించని ఒక లావాదేవీ జరిగిందని నా అభిప్రాయం. రోగికి పైకప్పు చూపించే బాధ్యత వైద్యశాఖ చేతి నుండి జారి, చడీచప్పుడు లేకుండా ఇంటి యజమాని చేతిలో పడింది. ఇంటి వద్దే చికిత్స అన్నాము, ఆ ఇల్లు రోగిదేనా అని అడగలేదు. మద్రాసు రోగులకు ఎంత ఇరుకైనా ఒక గూడు మిగిలింది కాబట్టే ఏడాది పాటు మందు మింగగలిగారు. గది పోయిన రోగి ఊరు మారతాడు, మందు ఇచ్చే కేంద్రం మారుతుంది, నడుమ కొన్ని వారాలు మాత్రలు తప్పుతాయి. మందులకు లొంగని క్షయకు దారి వేసేది ఇటువంటి ఖాళీలే. అంటే రోగిని వెళ్లగొట్టిన యజమాని తన వీధిని కాపాడుకున్నట్టు కాదు, మరో వీధికి మరింత మొండి రోగాన్ని పంపినట్టు.

చట్టం ఏమంటున్నదో చూడండి. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం బిచ్చమెత్తుకునే, జీవనాధారం కనబడని రోగిని పట్టుకుని ఆశ్రమాలకు తరలించే అధికారం ఇచ్చింది. అంటే అక్కడ నేరం కుష్ఠు ఒక్కటే కాదు, కుష్ఠుతో పాటు పేదరికం. ఆ చట్టం కేంద్రంలో రద్దయింది 2016లో! బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన 35 ఏళ్లకు. హెచ్.ఐ.వి. బాధితుల విషయంలో మాత్రం దేశం మెరుగైన పని చేసింది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన 2017 చట్టం ప్రకారం, హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంతో ఇల్లు బాడుగకు ఇవ్వకపోవడం, ఉన్న ఇంటి నుండి వెళ్లగొట్టడం నిషిద్ధం.

2020 మార్చిలో కరోనా భయంతో ఢిల్లీలో, వరంగల్లులో, ఇంకా అనేక నగరాల్లో ఇంటి యజమానులు వైద్యులనే ఖాళీ చేయమన్నారు. వైద్యులు ప్రభుత్వానికి మొర పెట్టుకున్నారు. నెల తిరగకుండానే ఏప్రిల్ 22న అత్యవసర ఆదేశం వచ్చింది. వైద్య సిబ్బంది నివాసానికి ఇబ్బంది కలిగించే వేధింపులకు సైతం జైలు శిక్ష విధించవచ్చునన్నారు. సంతోషమే, మా వృత్తి వారికి రక్షణ దొరికింది. క్షయ రోగికి అదే కష్టం తరతరాలుగా ఉంది. ఆయన తరపున అటువంటి ఆదేశం రాలేదు.

పాత అద్దె నియంత్రణ చట్టం, అంటే 1960 నాటిది, ఇల్లు ఖాళీ చేయించడానికి కొన్ని కారణాలు చెప్పింది. బాడుగ బాకీ పడటం, మరొకరికి బాడుగకు ఇచ్చేయడం, యజమానికి సొంత అవసరం వంటివి. జబ్బు ఆ జాబితాలో లేదు. అయితే మన వైపు చిన్న గదుల బాడుగలన్నీ నోటిమాట మీదనే కదా. కాగితం లేని చోట చట్టం గడప దాటి లోపలికి రాదు.

క్షయ ఒక్కటే కాదు, వారానికి మూడుసార్లు రక్తశుద్ధి చేయించుకునే మూత్రపిండాల రోగి ఆసుపత్రికి దగ్గరలో గది చూసుకోక తప్పదు. వేలూరు వెళ్లే మన జిల్లా రోగులు రోజుకింత అని గదికి కట్టే డబ్బు కొన్నిసార్లు మందుల ఖర్చును మించిపోతుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆపరేషన్ ఖర్చును భరిస్తుంది గానీ ఈ గది ఖర్చును భరించదు.

కాబట్టి మీలో ఎవరైనా గదులు బాడుగకు ఇచ్చేవారుంటే ఈ కొద్ది సంగతులు దృష్టిలో ఉంచుకోండి. మామూలు మందులకు లొంగే క్షయలో, చికిత్స సక్రమంగా మొదలైన రెండు మూడు వారాలకే వ్యాధి అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. గిన్నెలు, బట్టలు, మరుగుదొడ్డి ద్వారా క్షయ అంటదు. గాలి ఆడని గదిలో దగ్గు తుంపరల ద్వారా అంటుతుంది. అందుచేత గోడకు ఒక కిటికీ పెట్టించడం రోగిని వెళ్లగొట్టడం కన్నా మీ ఇంటికి ఎక్కువ రక్షణ. బాడుగకు ఉండే రోగులు ఇల్లు మారవలసి వస్తే, మారక ముందే మందులు తీసుకునే కేంద్రానికి చెప్పండి. కొత్త చోటికి పేరు బదిలీ చేస్తారు, మాత్ర ఒక్కరోజు కూడా తప్పనవసరం లేదు. సందేహాలుంటే నిక్షయ్ ఉచిత ఫోను 1800-11-6666. మీ జబ్బు పేరు ఇంటి యజమానికి చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం. మీ అనుమతి లేకుండా దానిని ఆయనకు చెప్పే హక్కు మీ వైద్యుడికి లేదు.