తప్పు నుంచి బాధ్యతకు: భారతదేశంలో పని ప్రమాద నష్టపరిహార హక్కు – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

పనిలో గాయపడిన కార్మికునికి యజమాని నష్టపరిహారం చెల్లించాలన్న నియమం మన దేశంలో 1923 నాటి చట్టంతో రూపుదిద్దుకొంది. అంతకుముందు ‘తప్పు ఎవరిది?’ అన్న ప్రశ్న ప్రధానంగా ఉండేది. ఈ చట్టంతో ‘నష్టం ఎంత?’ అన్నది ముందుకు వచ్చింది. నేడు ‘యజమాని ఎవరు?’ అన్నదే తేలని ప్రశ్నగా నిలిచింది. ఈ మూడు ప్రశ్నల క్రమంలో నష్టపరిహార హక్కు పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నష్టపరిహారం, కార్మికుడు, యజమాని, వైకల్యం, సింగరేణి, గీత కార్మికులు, ఎక్స్‌గ్రేషియా.

1. ఉపోద్ఘాతం

ఘోర ప్రమాదం జరిగినప్పుడల్లా పత్రికల్లో మొదట కనిపించే మాట ‘ఎక్స్‌గ్రేషియా’. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఔషధ కర్మాగారంలో 17 మంది మరణించినప్పుడు ఒక్కొక్క కుటుంబానికి కోటి రూపాయల సాయం ప్రకటించారు. ఆ కుటుంబాలకు అది అవసరమైన సాయమే. అయితే ఎక్స్‌గ్రేషియా అంటే ఇచ్చేవారు దయతో ఇచ్చేది. నష్టపరిహారం బాధితుడు హక్కుగా పొందేది. మొదటిదాన్ని ప్రకటించవచ్చు, ప్రకటించకపోవచ్చు. రెండవదాన్ని నిరాకరించే అధికారం ఎవరికీ లేదు. పదిమంది ఒకేసారి మరణిస్తే ప్రకటన వెలువడుతుంది. ఒంటరిగా పరంజా మీద నుంచి పడిన తాపీ పనివాని కోసం ఏ ప్రకటనా రాదు. అతనికి మిగిలేది చట్టమే. అందుచేత ఆ చట్టం ఎలా ఏర్పడిందో తెలుసుకోవడం అవసరం.

2. తప్పు ఎవరిది?

ఇంగ్లండులో ఒక మాంసం వర్తకుని దగ్గర పనిచేసే యువకుడు, మోయలేనంత సరుకు ఎక్కించిన బండి విరిగి పడటంతో తొడ ఎముక విరిగి కోర్టుకు వెళ్ళాడు. జ్యూరీ అతనికి 100 పౌండ్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 1837లో పై న్యాయస్థానం దానిని కొట్టివేసింది. ‘ప్రీస్ట్‌లీ వర్సెస్ ఫౌలర్’గా పేరొందిన ఈ వ్యాజ్యం నుంచి, తోటి పనివాని పొరపాటుకు యజమాని బాధ్యుడు కాడన్న సూత్రం బలపడింది. పనిలోని ప్రమాదాన్ని తెలిసే అంగీకరించాడనడం, గాయపడినవాని అజాగ్రత్త కూడా కారణమనడం దానికి తోడయ్యాయి. ఈ మూడు వాదాల మధ్య కార్మికుడు గెలవడం దాదాపు అసాధ్యంగా ఉండేది.

జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టం ద్వారా, ఇంగ్లండు 1897 చట్టం ద్వారా ఈ చిక్కుముడిని విప్పాయి. యంత్ర పరిశ్రమలో ప్రమాదం తప్పదు. కాబట్టి దాని భారాన్ని ఉత్పత్తి వ్యయంలో భాగంగా పరిశ్రమే మోయాలన్నది ఈ కొత్త ఆలోచన. భారతదేశంలో అప్పటికి ఉన్న 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ప్రకారం, మరణానికి ప్రతివాది తప్పు లేదా నిర్లక్ష్యం కారణమని వారసులు నిరూపించాలి. కూలికి వచ్చిన మనిషి భార్యకు అది సాధ్యమయ్యే పని కాదు.

3. నష్టం ఎంత?

1923లో చేసిన పనివారల నష్టపరిహార చట్టం 1924 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. పని కారణంగా, పని సమయంలో జరిగిన ప్రమాదానికి యజమాని తప్పుతో నిమిత్తం లేకుండా చెల్లించాలని అది నిర్దేశించింది. మద్యం మత్తు, భద్రతా నియమాలను ఉద్దేశపూర్వకంగా ధిక్కరించడం వంటి మినహాయింపులను మాత్రం నిలుపుకొంది. హక్కును వదులుకొంటూ కార్మికుడు చేసిన ఒప్పందం చెల్లదని కూడా చెప్పింది. అవసరం ఎంతకైనా సంతకం చేయిస్తుందని శాసనకర్తలు గుర్తించారనడానికి ఈ నిబంధనే సాక్ష్యం.

ఈ చట్టంలోని మొదటి షెడ్యూలు మానవ దేహానికి వేసిన లెక్క. మోచేతి వద్ద గాని ఆపైన గాని కుడిచేయి పోతే 70 శాతం, ఎడమచేయి పోతే 60, ఒక కన్ను పోతే 30, బొటనవేలికి 25, చూపుడువేలికి 10 శాతం సంపాదనా శక్తి నష్టమని నిర్ణయించారు. వయోజనుని మరణానికి 30 నెలల వేతనం లేదా 2,500 రూపాయలు, శాశ్వత పూర్తి వైకల్యానికి 42 నెలల వేతనం లేదా 3,500 రూపాయలు – వీటిలో ఏది తక్కువైతే అది పరిహారం. నెలకు 20 రూపాయలు సంపాదించే కూలీ మరణిస్తే కుటుంబానికి 600 రూపాయలు వస్తాయి. కుడిచేయి పోతే 840 రూపాయల్లో 70 శాతం, అనగా 588 రూపాయలు వస్తాయి. ప్రాణానికీ చేతికీ మధ్య తేడా 12 రూపాయలు. చట్టం వెలకట్టింది మనిషికి కాదు, అతని సంపాదనకు అని ఈ లెక్క స్పష్టం చేస్తోంది.

ఈ దృష్టిలోని పరిమితిని సుప్రీంకోర్టు 1975లో ఒక వడ్రంగి వ్యాజ్యంలో ఎత్తిచూపింది. మోచేతి పైభాగం వరకు ఎడమచేయి తొలగించిన అతనిది పాక్షిక వైకల్యమే అని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం చేయడం సాధ్యం కాదు కాబట్టి అతని నష్టం నూటికి నూరు శాతమని కోర్టు తేల్చింది. పరిహారం చెల్లించవలసిన బాధ్యత ప్రమాదం జరిగిన నాడే ఏర్పడుతుందని కూడా చెప్పింది. షెడ్యూలు చేతిని చూసింది. తీర్పు చేతిపనిని చూసింది.

4. తెలుగు నేలపై రెండు న్యాయాలు

1923 చట్టం బ్రిటిష్ ఇండియాకే పరిమితం. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి. నిజాం రాజ్యం రాలేదు. ఇల్లెందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1889లో తవ్వకం మొదలైంది. అదే కాలంలో హైదరాబాదు వైపు రైలు మార్గం బెజవాడను చేరింది. దీని ఫలితం గమనించదగినది. బెజవాడలో రైలు పని చేసే కార్మికునికి ఈ చట్టం వర్తించింది. ఆ రైలుకు బొగ్గు తవ్వి ఇచ్చిన సింగరేణి కార్మికునికి వర్తించలేదు. హైదరాబాదు భారతదేశంలో విలీనమైన తరువాతే కేంద్ర చట్టం అక్కడికి వ్యాపించింది. కాబట్టి తెలుగువారి కార్మిక చరిత్రను రాసేటప్పుడు ఒకే చట్టాన్ని అందరికీ ఆపాదించడం కాలక్రమాన్ని విస్మరించడమే అవుతుంది.

5. యజమాని ఎవరు?

1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, ఒక యజమాని స్తోమతపై ఆధారపడిన పరిహారాన్ని సామూహిక బీమాగా మార్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఆ పథకం ప్రారంభమైంది. ఒకేసారి ఇచ్చే మొత్తానికి బదులు నెలవారీ ఆదరువు, వైద్యం లభించాయి. 1923 చట్టం పేరులోని ‘పనివాడు’ 2010 నుంచి ‘ఉద్యోగి’ అయ్యాడు. ఇంటి నుంచి పనికి వెళ్ళే దారిలో, పని సంబంధంతో జరిగిన ప్రమాదమూ 1923 చట్టం పరిధిలోకి రాగలదని 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ ఏడాది నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి ఈ చట్టాల స్థానాన్ని తీసుకొంది.

ఇంత విస్తరణ జరిగినా ఒక పునాది మారలేదు. పరిహారం కోరాలంటే యజమాని ఉండాలి. తాటిచెట్లు గీసే పని 1923 చట్టం రెండవ షెడ్యూలులో ఉంది. కాని మన గీత కార్మికులలో అధికులు స్వయంగా గాని సహకార సంఘంలో సభ్యులుగా గాని గీస్తారు. చెట్టు మీద నుంచి పడినవాడు ఎవరిపై దావా వేయాలి? అందుకే వారి విషయంలో ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియా ప్రధాన ఆధారమైంది. మోటారు సైకిలుపై భోజనం అందించే యువకునిది నేడు ఇదే స్థితి. కొత్త స్మృతి అతనికి ప్రమాద బీమా వంటి పథకాలను ప్రతిపాదించింది, వేదిక సంస్థల నుంచి చందా వసూలు చేయమంది. అయితే ఆ సంస్థను అతని యజమానిగా నిలబెట్టలేదు.

6. ముగింపు

1837లో మాంసం వర్తకుని పనివానికి యజమాని ఉన్నాడు, హక్కు లేదు. 1923 తరువాత యజమాని ఉన్నచోట హక్కు ఏర్పడింది. నేడు పని ఉంది, ప్రమాదం ఉంది. యజమాని మాత్రం కనిపించడు. హక్కును యజమానితో కాక పనితోనే ముడిపెట్టగలిగితే తప్ప, గీత కార్మికుడూ వాహనంపై తిరిగే యువకుడూ దయ మీదే ఆధారపడవలసి వస్తుంది. కమిషనర్ల ఉత్తర్వులు, కార్మిక సంఘాల పత్రాలు, బాధిత కుటుంబాల మౌఖిక కథనాలు తెలుగు పరిశోధకుల దృష్టికి ఇంకా తగినంతగా రావలసి ఉంది. చట్టం కాగితం మీద ఇచ్చినది ఎంతమంది చేతికి అందిందో వాటి ద్వారానే తెలియగలదు.