కడలిలో కవాతు, జాలరి వేట

తుర్కయంజాల్ మాసాబ్ చెరువులో వల వేయువాడు గాలిని చూచుకొని, నీటిని చూచుకొని వేటకు దిగును. విశాఖపట్టణము పెద్దజాలరిపేటవాడు ఇంకొక సంగతి కూడ విచారించుకొనవలెను. ఆనాడు సముద్రము తెరచి యున్నదా, మూసి యున్నదా? ఈ ప్రశ్న ఎట్లు పుట్టినదో శ్రోతలకు మనవి చేయుదుము.

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైనది. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండు అచ్చటనే వెలసినది. తరతరములుగా తెప్పలు తిరిగిన నీట యుద్ధనౌకలు తిరుగ నారంభించినవి. ఫిరంగులు పేల్చి గురి చూచుకొనుటకు, నౌకలు వ్యూహములు దిద్దుకొనుటకు విశాలమైన నీరు కావలెను. మరపడవలు చేపలకై పోవునదియు తరచుగా ఆ నీటికే.

ఈ చిక్కును ప్రభుత్వము ముందే గుర్తించినది. సముద్రము వైపు ఫిరంగి సాధనను గూర్చి 1949లో ఒక చట్టము వచ్చినది. సాధన జరుగు ప్రాంతమును ముందుగా ప్రకటింపవలెను. అపాయమండలమునుండి మనుష్యులను, పడవలను తొలగింపవచ్చును. అందువలన ఆస్తికిగాని హక్కులకుగాని నష్టము కలిగినచో పరిహారము చెల్లింపవలెను.

మరపడవ రేవు దాటుటకు ముందే డీజిలునకు, మంచుగడ్డలకు సొమ్ము వ్యయమగును. చేప దొరకని నాడు పడవవారికి వాటా లేదు. చేపల సంతానవృద్ధికై ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. మిగిలిన దినములలోనే ఏడాది గ్రాసము సంపాదించుకొనవలెను. 2016 నాటి అంతర్జాతీయ నౌకాసమీక్షయు, 2022, 2024 సంవత్సరముల మిలన్ విన్యాసములును ఫిబ్రవరిలోనే, అనగా వేటకాలముననే ఆరంభమైనవి.

విన్యాసములు వలదని మేమనము. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ ముంగిటనే మునిగినది. సముద్రముపై తేలిన దాని శకలములను నౌకాదళమునకు తెచ్చి చూపినవారు జాలరులే. 2008లో ముంబయి దాడి జరిగిన పిమ్మట తీరరక్షణకై 2019లో ఆరంభించిన ‘సీ విజిల్’ విన్యాసమునందు మత్స్యకారులకును పాత్ర కల్పించిరి. కడలికి వారు కావలివారు కూడ.

కావున రెండు మాటలు. తుపాను హెచ్చరిక వలెనే విన్యాసముల ప్రకటనయు జాలరిపేటలకు వేళకు, తేట తెలుగులో, రేడియో ద్వారా అందవలెను. దేశరక్షణకై పోయిన వేటకు పరిహారమును దేశము బాకీగా ఎంచి, వారు అడుగకమునుపే తీర్చవలెను.