సెయింట్ ఐవ్స్ ఆవము - మువ్వురు మిత్రుల నిర్మాణము

కుంభకారశిల్ప చరిత్రమున పాత్రకు లభించిన స్థానము ఆవమునకు లభింపలేదు. పాత్ర అడుగున చేసినవాని ముద్ర యుండును. ఆవమునకు ముద్ర లేదు. కావున ఆవమును కట్టినవాని పేరు సులభముగా మరుగుపడును. ఇంగ్లండు దేశమున కార్న్‌వాల్ తీరమునందలి సెయింట్ ఐవ్స్ అను ఊర వెలసిన యొక చిన్న ఆవము వృత్తాంతమే ఇందుకు నిదర్శనము. పశ్చిమదేశములలో జపాను పద్ధతిని కట్టిన తొలి ఆవముగా అది ప్రసిద్ధము. అది బెర్నార్డ్ లీచ్ ఒక్కని నిర్మాణమని చెప్పుట వాడుకయైనది. ఈ వాడుక ఎంతవరకు సమంజసమో విచారింపదలచితిమి.

లీచ్ 1887లో హాంకాంగున జన్మించెను. 1909లో జపాను చేరెను. ఆయన అచ్చటికి వెళ్లినది రాగిరేకులపై చిత్రములు చెక్కు విద్యను నేర్పుటకే గాని మట్టిపని నేర్చుటకు గాదు. 1911లో తొమిమొతొ కెన్‌కిచి అను మిత్రునితో ఒక విందునకు వెళ్లగా, అతిథు లందరును పాత్రలపై బొమ్మలు వ్రాసిరి. వాటిని చిన్న ఆవమున నుంచి, కొంతసేపటికే ఎర్రగా కాలియుండగా పటకారుతో వెలికి దీసిరి. ఆ దృశ్యము లీచ్ జీవితమును మార్చినది. ఆయన ఆరవ కెన్‌జాన్ అను వృద్ధాచార్యుని శిష్యుడయ్యెను. ఆ గురువే శిష్యుని తోటలో చిన్న ఆవము నేర్పరచెను. పిదప అబికోలో యనాగి సోయెత్సు అను మిత్రుని స్థలమున పని సాగెను. 1919లో ఆ కార్యశాల అగ్నికి ఆహుతియైనది. ఆ యేడే హమాదా షోజి అను యువకుడు లీచ్‌ను కలిసికొనెను.

1920లో వీరిరువురు సెయింట్ ఐవ్స్ చేరి ఆవము కట్టిరి. వారి సాహసమును గ్రహించుటకు ఆవముల భేదము నెరుగవలెను. మన పల్లెల కుమ్మరి ఆవము స్థిరమైన కట్టడము గాదు. కుండలను పేర్చి, పిడకలు, కట్టెలు, గడ్డి అమర్చి, పైని మట్టి మెత్తి కాల్చుదురు. చల్లారిన పిమ్మట విప్పుదురు. నీటికుండకు ఆ వేడిమి చాలును. నీరు చెమర్చుటయే దాని గుణము. కాని ద్రవము నేమాత్రము పీల్చని గట్టి పాత్రకు సుమారు 1300 డిగ్రీల వేడిమి కావలయును. అందులకై జపానీయులు వాలునేలపై గదులు వరుసగా కట్టుదురు. క్రింది పొయ్యిలోని మంట మొదటి గదిని కాల్చి, గోడ అడుగుననున్న రంధ్రములగుండ పై గదికి పోవును. ఒక గది విడిచిన వేడిమి మరొక గదికి ఉపకరించును; వాలే పొగగొట్టము పనిని కొంత చేయును.

ఈ నిర్మాణమునకు వలసినది ఇటుక మాత్రమే గాదు. హమాదా క్యోటోలోని పరిశోధనాలయమున మెరుగుపూతలను పరీక్షించిన విద్వాంసుడు. లీచ్ చిత్రకారుడు. ఇరువురిలో నెవ్వరును వంశక్రమముగా ఆవములు కట్టినవారు గారు. పైగా కార్న్‌వాల్‌లో కట్టెలు అరుదు. వారి మొదటి ఆవము ఎక్కువకాలము నిలువలేదు.

1922లో మత్సుబయాషి త్సురునోసుకె అచ్చటికి వచ్చెను. ఉజి పట్టణమున తరతరములుగా కుంభకారవృత్తి నవలంబించిన కుటుంబము ఆయనది. పాతదానిని తొలగించి, 1923 నాటికి మూడు గదుల ఆవమును నిర్మించెను. లీచ్ శిష్యులకు మట్టి, నిప్పుల శాస్త్రమును బోధించెను. వారిలో నొకరగు కాథరిన్ ప్లేడెల్ బూవెరీ 1925లో కోల్‌షిల్‌లో స్వంత కార్యశాల స్థాపించినప్పుడు అచ్చటి ఆవమునకు నమూనా ఇచ్చినదియు ఆయనయే. హమాదా 1923 చివర ఇంగ్లండు విడిచి, పిదప మషికోలో స్థిరపడి జగద్విఖ్యాతుడయ్యెను. సెయింట్ ఐవ్స్ ఆవము 1970ల వరకు కాలినది. నేడు రక్షితమై యున్నది.

లీచ్ ఘనతను తగ్గించుట మా అభిమతము గాదు. ఆయన సంకల్పము లేనిచో ఆ ఊర ఆవమే యుండదు. హమాదా శాస్త్రజ్ఞానము లేనిచో పూత కుదురదు. కాని అర్ధశతాబ్దము నిప్పును భరించిన గోడలు మత్సుబయాషి చేతివి. ఆయన పేరు సామాన్య గ్రంథములలో ఒక వాక్యమునకు మించి కానరాదు. వ్రాసినవాని పేరు, ముద్ర వేసినవాని పేరు నిలుచుట, కట్టినవాని పేరు జారిపోవుట చరిత్రరచనకు గల పాత దోషము. మన పల్లెలలో ఆవము పేర్చిన చేతుల విషయమునను ఇదియే జరిగినది. వృత్తిపదములను సేకరించు మన పరిశోధకులు పాత్రల పేర్లతో తృప్తిపడక, ఆవమును పేర్చు క్రమమును, మంట రంగులను గుర్తించు మాటలను, ఆ మాటలు చెప్పిన వృద్ధుల పేర్లను కూడ వ్రాసికొందురుగాక. పేర్చిన ఆవము చల్లారగనే విప్పబడును. వ్రాసికొననిచో దానిని పేర్చినవానికి వేరు సాక్ష్యము లేదు.