ఆకురాయికి లొంగే రంపం

వడ్రంగి పనిముట్లలో ఉలికి, బాడిసెకు అంచు ఒక్కటే. రంపానికి మాత్రం అంచులు వందకు పైగా ఉంటాయి. దాని ప్రతి పన్నూ ఒక చిన్న ఉలి వంటిదే. కాబట్టి రంపానికి పదును పెట్టటమంటే వంద ఉలులకు ఒకే కొలతలో పదును పెట్టటమన్నమాట. తుప్పు పట్టి మూల పడిన పాత రంపాన్ని తిరిగి పనిలోకి తేవటం ఎట్లా సాధ్యమో తెలియాలంటే, ఈ పన్ను అయిదువేల సంవత్సరాలుగా పొందిన మార్పులను ముందుగా గమనించాలి.

ఈజిప్టులో సక్కారా వద్ద, సుమారు క్రీ.పూ. 3000 నాటి తొలి రాజవంశపు సమాధులలో రాగి రంపాలు దొరికినవి. మన ఉపఖండంలో మొహెంజొదారో త్రవ్వకాలలోనూ రంపాలు బయటపడినవి. థీబ్స్ నగరంలో క్రీ.పూ. 15వ శతాబ్దికి చెందిన రెఖ్‌మిరె అనే మంత్రి సమాధి గోడపై, నిలువు గుంజకు కట్టిన పలకను కోస్తున్న వడ్రంగి చిత్రం ఉన్నది. రాగి మెత్తని లోహం. సన్నని రాగి రేకును నెడితే వంగిపోతుంది. లాగితే బిగువుగా నిలుస్తుంది. అందువలన ఈజిప్టు రంపాలు లాగినప్పుడు కోసేవి. జపాను వడ్రంగులు నేటికీ లాగి కోసే రంపాలనే వాడుతున్నారు.

రెండవ మార్పు పళ్ళ వరుసలో వచ్చినది. పళ్ళన్నీ ఒకే గీతపై నిలిస్తే, కోత వెడల్పు రేకు మందంతో సమానమవుతుంది. అప్పుడు రేకు కొయ్యలో ఇరుక్కుంటుంది. పచ్చి కొయ్యలో తడిసిన పొట్టు పళ్ళ సందులను పూడ్చివేస్తుంది. ఒక పన్నును ఎడమకు, మరుసటి దానిని కుడికి కొద్దిగా వంచితే కోత వెడల్పై, పొట్టు బయటికి వస్తుంది. క్రీ.శ. 79లో మరణించిన రోమను రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఈ ఉపాయాన్ని, దాని కారణాన్ని కూడా పేర్కొన్నాడు.

మూడవ మార్పు ఉక్కుది. తెలంగాణలోని కోనసముద్రం వంటి చోట్ల మూసలలో తయారైన ఉక్కు కత్తులకు పేరు పొంది, పర్షియా వర్తకులను రప్పించినది. ఇంగ్లండులో షెఫీల్డు సమీపాన బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు 1740 దశకంలో ఉక్కును మూసలలో పూర్తిగా కరగించి పోతపోసే పద్ధతిని సాధించాడు. ఇట్టి ఉక్కులో మలినాలు తక్కువ; అంతటా ఒకే గుణం. దీనిని రేకుగా సాగదీసి చేసిన రంపాలు నెట్టినా వంగక, వంగినా విరగక నిలిచినవి. ఇంగ్లండులో పుట్టిన హెన్రీ డిస్టన్ 1840లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రంపాల పని మొదలుపెట్టి, 1855లో అక్కడే స్వయంగా మూస ఉక్కు పోయించటం ప్రారంభించాడు.

ఈ చరిత్రలో ముఖ్యమైన విషయమొకటి ఉన్నది. రంపపు ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే అది గాజు వలె గట్టిపడుతుంది, గాజు వలెనే పెళుసవుతుంది. కాబట్టి దానిని మళ్ళీ సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి, కాఠిన్యాన్ని కొంత తగ్గిస్తారు. అప్పుడు కొయ్యను కోయటానికి చాలినంత గట్టిగా, ఆకురాయికి లొంగేటంత మెత్తగా ఉంటుంది. ఈ లొంగుబాటు లోపం కాదు, తెలిసి ఉంచినది. పన్ను అరిగినా రంపం చావకుండా కాపాడేది అదే.

పాత రంపాన్ని బాగుచేసేవారు మొదట నూనె, గరుకు కాగితాలతో తుప్పును తీస్తారు. తుప్పు తిన్న గుంటలు పళ్ళ అంచున లోతుగా ఉంటే పదును నిలువదు. రేకు వంకరలు పోయిన తరువాత దానిని రెండు కొయ్య పలకల మధ్య బిగించి, బల్లపరుపు ఆకురాయితో పళ్ళ కొనలన్నిటినీ ఒకే ఎత్తుకు తెస్తారు. పిమ్మట మూడు పలకల ఆకురాయితో పళ్ళకు రూపమిస్తారు. ఆ ఆకురాయి కోణాలు ఒక్కొక్కటి 60 డిగ్రీలు కనుక, పళ్ళ మధ్య గాడి కూడా 60 డిగ్రీలే అవుతుంది. తరువాత పళ్ళను వంచుతారు. పైసగం మాత్రమే వంచాలి. మొదలంటా వంచితే పన్ను విరుగుతుంది. చివరకు మళ్ళీ తేలికగా ఆకురాయి పట్టించి పదును తెస్తారు.

నార వెంట నిలువుగా కోసే రంపపు పళ్ళను రేకుకు అడ్డంగా తిన్నగా రాస్తారు. అవి ఉలుల వలె చెక్కుతాయి. నారకు అడ్డంగా కోసే వాటిని ఏటవాలుగా రాస్తారు. అవి చాకుమొనల వలె నారను రెండు వైపులా తెగ్గోస్తాయి. ఏ దశలోనూ యంత్రపు సానరాయి వేగం పనికిరాదు. రాపిడి వేడికి పన్ను నీలిరంగు దాటి కాలితే, ఉక్కు మెత్తబడి పదును నిలువక పోతుంది.

ఇరవయ్యవ శతాబ్ది ద్వితీయార్ధంలో మరో రకం రంపాలు వ్యాపించినవి. విద్యుత్తుతో పళ్ళ కొనలను మాత్రం క్షణకాలం కాచి, వెంటనే చల్లార్చి, ఆకురాయి కన్న గట్టిగా చేస్తారు. ఇవి పదును ఎక్కువకాలం నిలుపుకుంటాయి. రోజంతా పలకలు కోసే పనివానికి ఇది నిజమైన మేలే. కాని మొద్దుబారిన తరువాత ఆకురాయి వాటిపై జారిపోతుంది. పారవేయటం తప్ప మార్గం లేదు. ఇట్టి రంపాలు పెరిగిన కొద్దీ పదును పెట్టేవారికి పని తగ్గుతుంది. పని లేనిచోట ఆ నేర్పు తరువాతి తరానికి అందదు.

కనుక పాత రంపాన్ని తుక్కు క్రింద అమ్మే ముందు చిన్న పరీక్ష చేయవచ్చును. పిడి దగ్గరి చివరి పన్నుపై ఆకురాయిని ఒకసారి మెల్లగా నడిపి చూడాలి. జారితే ఆ రంపం ఆయువు తీరినట్లే. పట్టుకొని సన్నని ఉక్కుపొడి రాలితే, దానికి ఇంకా చాలా కాలం పని ఉన్నది.